అలవాటైనది వదలాల్సి వచ్చినప్పుడు: ఏది వదలాలి, ఏది పట్టుకోవాలి?

సహోదరీ, ప్రభువు నామంలో వందనాలు.

మీ ప్రశ్న నిదానంగా చదివాను. ఇక్కడికి వచ్చే మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీరు విశ్వాసుల కుటుంబంలో పుట్టారు. చిన్నప్పటి నుంచి ఒకే సంఘం. ఊహ తెలిసినప్పటి నుంచి క్వయర్‌లో పాడుతున్నారు. కొంతకాలంగా పాడుతున్నా మనసు కదలడం లేదు, ప్రార్థనకు కూర్చుంటే నోరు తన పని తాను చేసుకుపోతోంది. ఈలోగా కొత్తగా ప్రభువును నమ్ముకున్న కొన్ని కుటుంబాలు తమ ఇంట్లో జరిగే కూడికకు ప్రతి వారం వచ్చి వాక్యం నేర్పమని అడిగాయి. అది సరిగ్గా క్వయర్ ప్రాక్టీస్ సమయమే. స్నేహితురాలేమో ‘మీ సంఘం చచ్చిపోయింది, బయటికి వచ్చెయ్’ అంటోంది. అమ్మగారేమో ‘ఉన్నచోట దేవుడు లేడా?’ అంటున్నారు. తెలిసినదాన్ని వదిలితేనే ఎదుగుతామా, వదలాలంటే ఏది వదలాలి, పొరపాటైతే వెనక్కి రావచ్చా అని అడిగారు.

వదలాల్సిన సమయం మీకు వచ్చిందనే నాకు అనిపిస్తోంది. కానీ వదలాల్సింది మీ సంఘాన్ని కాదు. మీ స్నేహితురాలి మాటలో తొందర ఉంది, అమ్మగారి మాటలో భయం ఉంది. ఇద్దరూ మిమ్మల్ని ప్రేమించే అంటున్నారు. అయినా ఈ విషయం ఆ రెండింటి మీద ఆధారపడి తేల్చుకునేది కాదు.

అన్నిటికంటే ముందు ఒకటి చూసుకోండి. మనసు ఎండిపోయినంత మాత్రాన దేవుడు బయలుదేరమంటున్నాడని కాదు. ప్రవక్త ఏలీయా ఒక చెట్టు కింద పడుకుని ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అన్నప్పుడు దేవుడు ఆయనకు దర్శనం ఇవ్వలేదు, ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు కొండ, మెల్లని స్వరం, కొత్త బాధ్యత అన్నీ ఆ తర్వాతే. అందుకే మీరు సరిగ్గా నిద్రపోతున్నారా, ఉద్యోగంలో టెన్షన్ ఎక్కువైందా, ఎవరినైనా పోగొట్టుకున్న దుఃఖం లోపల ఉండిపోయిందా, ఎవరితోనైనా మాటలు ఆగిపోయి దాన్ని సరిచేసుకోకుండా ఉన్నారా అని చూడండి. వీటిలో ఏదైనా ఉంటే ముందు దాని సంగతి చూడాలి. అలసటను పిలుపు అనుకుని పరిచర్య మార్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. కొత్త చోట కొన్ని వారాలు ఉత్సాహంగా ఉంటారు, తర్వాత అదే అలసట అక్కడా బయటపడుతుంది.

మీ ఉత్తరంలో మాత్రం అలసట కంటే వేరే ఏదో ఉంది. ‘ఆ కుటుంబాల గురించి ఆలోచిస్తే భయం వేస్తోంది, కానీ వాళ్లకోసం ప్రార్థన చేస్తున్నప్పుడు మాత్రం మాటలు నిజంగా వస్తున్నాయి’ అని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పాటలో ఎండిపోయిన గుండె ఆ మనుషుల పేర్లు తలచుకుంటే కదులుతోందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ విషయం వచ్చినప్పుడల్లా అబ్రాహామును చెబుతారు. దేవుడు పిలిచాడు, లేచాడు, వెళ్లిపోయాడు అన్నట్టు ఒక్క ఊపులో చెప్పేస్తారు. ఆదికాండం నెమ్మదిగా చదివితే అలా లేదు. కల్దీయుల ఊరు నుంచి కనానుకు బయలుదేరిన కుటుంబానికి పెద్ద అబ్రాహాము తండ్రి తెరహు. దారిలో హారాను వచ్చింది, అక్కడ స్థిరపడిపోయారు. సగం దారి వచ్చి ఆగిన ఇల్లు అది. అబ్రాహాము హారాను నుంచి కదిలేనాటికి ఆయన వయసు 75. చేతిలో ఏమీ లేకుండా కూడా బయలుదేరలేదు. భార్య శారయిని (తర్వాత శారా అయింది), లోతును, సంపాదించిన ఆస్తిని, తన దగ్గరున్న మనుషులను తీసుకునే వెళ్లాడు. దేవుడు వదలమన్నవి దేశం, బంధువులు, తండ్రి ఇల్లు. వదలమన్న నోటితోనే ‘నేను నీకు చూపించే దేశానికి వెళ్లు’ అన్నాడు. వదలడం ఆ ఆజ్ఞలో సగమే. రెండో సగం లేకపోతే అది ఇల్లు వదిలి తిరగడమే అవుతుంది. మీ స్నేహితురాలి సలహాలో నాకు కనిపించే లోటు ఇదే. ఎక్కడి నుంచి రావాలో చెప్పింది, ఎవరి దగ్గరికి ఎందుకు వెళ్లాలో చెప్పలేదు.

అబ్రాహాము కథలో ఇంకో సంగతి ఉంది, ప్రసంగాల్లో దాన్ని ఎక్కువగా చెప్పరు. కనానుకు వచ్చాక కరువు వస్తే ఐగుప్తుకు వెళ్లాడు, ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పాడు. ఏళ్ల తర్వాత గెరారులో మళ్లీ అదే చేశాడు. అక్కడి రాజు అబీమెలెకు నిలదీస్తే ఆయనిచ్చిన జవాబు 20వ అధ్యాయంలో ఉంది: తండ్రి ఇంటి నుంచి బయలుదేరినప్పుడే ‘మనం వెళ్లే ప్రతి చోటా నన్ను నీ అన్న అని చెప్పు’ అని శారాతో మాట్లాడుకున్నాడట. అంటే విశ్వాసంతో ఇల్లు వదిలిన రోజునే, ఒకవేళ దేవుడు కాపాడకపోతే ఎలాగన్న ఏర్పాటు కూడా సామానుతో పాటు సర్దుకున్నాడు. దేశం వదిలాడు, ఆ ఏర్పాటును మాత్రం చాలా ఏళ్లు వదల్లేదు. సంఘం మారినా, ఊరు మారినా మారనివి మనలో ఉంటాయి: మంచి పేరు పోతుందన్న భయం, అందరూ మెచ్చుకోవాలన్న ఆశ, తెలియనిచోట నోరు విప్పకపోవడం. వాటిని వెంట తీసుకుపోతే ఎక్కడికెళ్లినా మనం హారానులోనే ఉంటాం.

అందుకే ‘ఏది వదలాలి?’ అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఒక చోటు పేరో, ఒక పని పేరో కాదు. దేవుడితో పని లేకుండానే మీ ఆత్మీయ జీవితాన్ని నడిపిస్తున్నది ఏదో దాన్ని వదలాలి. చాలాసార్లు అది చెడ్డది కానే కాదు. ఒకప్పుడు దేవుడే ఇచ్చినది. అందుకే వదలడం అంత కష్టం.

ఇత్తడి సర్పం సంగతి చూడండి. అరణ్యంలో పాము కాటుకు జనం చచ్చిపోతుంటే దేవుడే మోషేతో దాన్ని చేయించాడు. దాన్ని చూసినవాళ్లు బతికారు. కల్పించుకున్న విగ్రహం కాదది, దేవుడి ఆజ్ఞ ప్రకారం చేసినది, నిజంగా ప్రాణాలు నిలబెట్టినది. తర్వాత తరాలు దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాయి. ఎవరు మాత్రం పారేస్తారు? కొన్ని వందల ఏళ్లు గడిచాయి. హిజ్కియా రాజయ్యేనాటికి ఇశ్రాయేలీయులు దానికి ధూపం వేస్తున్నారు. హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు. ఆ రోజు చూస్తున్నవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ‘మోషే చేతులతో చేసినది! మన పితరులను బతికించినది!’ అని ఏడ్చినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల మాటలో అబద్ధం లేదు. కానీ అప్పట్లో దాన్ని చూడటమంటే దేవుడు చెప్పినదాన్ని నమ్మడం. ఇప్పుడు వాళ్లు దేవుణ్ని వదిలి దాన్నే చూస్తున్నారు.

మీ క్వయర్ విగ్రహమని నేను అనడం లేదు. ఆ పాటల ద్వారానే ప్రభువు మిమ్మల్ని పెంచాడు, దానికి కృతజ్ఞతగా ఉండండి. కానీ ఒక్కటి అడుగుతాను, నాకు రాయనక్కర్లేదు, ఆయన ముందు జవాబు చెప్పుకోండి: రేపటి నుంచి గొంతు పోయి మీరు ఎక్కడా పాడలేకపోతే, ఆ సంఘంలో మీరెవరు? ఆ ప్రశ్నకు గుండె జారిపోతే, మీరు దేవుడి మీద ఆనుకున్నారో ఆ వరుసలో మీకున్న చోటు మీద ఆనుకున్నారో మీకే తెలుస్తుంది.

ఎండిపోవడం గురించి కూడా ఒక మాట. దాన్ని మీరు శిక్ష అనుకుంటున్నట్టున్నారు, ‘నేనేం తప్పు చేశానో తెలియడం లేదు’ అని రాశారు. యెహోషువ 5వ అధ్యాయం తీసి చదవండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా 40 ఏళ్లు, విశ్రాంతిదినాన తప్ప, ప్రతి ఉదయం కురిసింది. అరణ్యంలో పుట్టిన పిల్లలకు వేరే తిండే తెలియదు. పొద్దున లేవడం, ఆ రోజుకు సరిపడా ఏరుకోవడం, మర్నాటికి దాస్తే పురుగు పట్టడం, ఇదే వాళ్ల బతుకు. యొర్దాను దాటారు, గిల్గాలులో పస్కా ఆచరించారు, మర్నాడు ఆ దేశపు పంట తిన్నారు. ఆ తర్వాతి రోజు నుంచి మన్నా ఆగిపోయింది. పాపం చేశారని ఆగలేదు, పైగా అంతకుముందే సున్నతి చేయించుకుని దేవుడి మాటకు లోబడి ఉన్నారు. వాగ్దానం చేసిన దేశానికి చేరుకున్నారు కాబట్టి ఆగింది. ఇక నుంచి దున్నాలి, విత్తాలి, వాన కోసం కనిపెట్టుకుని ఉండాలి. తినిపించేది అదే దేవుడు, తినిపించే పద్ధతి మారింది. ఆ మొదటి ఉదయం గిన్నె పట్టుకుని బయటికి వచ్చి ఖాళీ నేల చూసిన తల్లికి అది దీవెనగా అనిపించి ఉంటుందా? నాకు అనుమానమే. పాటలో అప్రయత్నంగా వచ్చే ఆనందం మీకు ఇన్నాళ్లూ మన్నా. అది ఆగిందని దేవుడు విడిచిపెట్టాడని అనుకోకండి. చేనులో దిగి పనిచేసే వయసు వచ్చిందేమో చూడండి.

నాకు తెలిసిన ఒక అక్క ఉంది. సంఘంలో ప్రార్థన అంటే ఆమే. గొంతెత్తితే వాక్యాలు వరసగా వచ్చేవి, అందరి కళ్లూ చెమర్చేవి. ఒకసారి ఒక కుటుంబంలో చిన్న బిడ్డ చనిపోతే ఆమెను పిలిచారు. నేనూ అక్కడ ఉన్నాను. గదిలోకి వెళ్లింది, తల్లి పక్కన కూర్చుంది, అలవాటుగా ‘కృపగల తండ్రీ’ అని మొదలుపెట్టింది. ఆ తర్వాత మాట రాలేదు. రోజూ వాడే మాటలన్నీ ఆ తల్లి ముఖం ముందు అబద్ధంలా అనిపించాయని తర్వాత చెప్పింది. చాలాసేపు ఊరుకుంది. చివరికి ‘ప్రభువా, మాకు అర్థం కావడం లేదు, ఈమెను వదలకు’ అని ఆపేసింది. బయటికి వచ్చి ‘ఇవాళ ప్రార్థన చేయలేకపోయాను’ అని ఏడ్చింది. ఆ తల్లి మాత్రం ఆ తర్వాత ఎవరు కనబడినా ఆ ప్రార్థన గురించే చెప్పేది. ఆ అక్క కొన్నాళ్లు సంఘంలో ముందు నిలబడి ప్రార్థించడం మానేసి, ఇంట్లో ఒక్కో కీర్తన తీసుకుని నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ ప్రార్థించడం నేర్చుకుంది. ఇప్పుడు మళ్లీ ముందు నిలబడుతుంది. ప్రార్థన చిన్నది, పాత ధారాళం లేదు, కొంతమందికి ఆ పాత ప్రార్థనే ఇష్టం. ఆమె మాత్రం వెనక్కి వెళ్లలేదు. గమనించండి, ఆమె సంఘం మారలేదు, పరిచర్య కూడా మారలేదు. తన ఘనత అనుకున్న ఒక్క విషయాన్ని వదిలింది.

అలవాటు అంటేనే శత్రువు అనుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు, అది నాకు బాధగా ఉంటుంది. దానియేలు సింహాల గుహ ముప్పు తెలిసి కూడా ఇంటికి వెళ్లి, కిటికీలు తెరిచి, రోజుకు మూడుసార్లు ఎప్పటిలాగే మోకరించాడు. అతన్ని నిలబెట్టింది ఏళ్ల తరబడి ఉన్న అలవాటే. యేసు తన వాడుక చొప్పున విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్లాడని లూకా రాశాడు. సిలువ మీద ఆయన నోట కీర్తనల మాటలు వచ్చాయి. ‘పురాతన మార్గాలను గురించి విచారించండి’ అని యిర్మీయా ద్వారా చెప్పినదీ దేవుడే. కాబట్టి వాక్యం చదవడం, ప్రభువు బల్లలో పాలు పొందడం, విశ్వాసులతో సహవాసం, మీ తప్పు మీ ముఖం మీద చెప్పగల ఒక మనిషితో స్నేహం, వీటిని ఎదుగుదల పేరు చెప్పి వదలకండి. ఎండిపోయినప్పుడు కూడా వదలకండి, ముఖ్యంగా అప్పుడే. అమ్మానాన్నల పట్ల మీ బాధ్యతనూ వదలకండి. ‘నా వల్ల నీకు రావలసింది దేవుడికి అర్పించేశాను’ అని చెప్పి తల్లిదండ్రులను చూడకుండా తప్పించుకునేవాళ్లను యేసు ఎంత ఘాటుగా గద్దించాడో మార్కు 7లో ఉంది.

అందరికీ ఒకే ఆజ్ఞ కూడా లేదు. ధనవంతుడైన ఒక యువకుణ్ని యేసు అన్నీ అమ్మి రమ్మన్నాడు. దయ్యాలు వదిలిన గెరాసేనీయుడు ‘నీతోనే ఉంటాను’ అని బతిమాలితే యేసు ఒప్పుకోలేదు, నీ ఇంటికి, నీ వాళ్ల దగ్గరికి వెళ్లి ప్రభువు నీకు చేసినది చెప్పమన్నాడు. అతనికి కష్టమైనది వెళ్లడం కాదు. తనను సంకెళ్లతో చూసిన మనుషుల మధ్యకే తిరిగి రావడం. ఒక్కొక్కరి పట్టు ఒక్కొక్క చోట ఉంటుంది, ఆయన వేలు సరిగ్గా అక్కడే పెడతాడు. మీ స్నేహితురాలికి బయటికి రావడం నిజంగా మేలు చేసి ఉండొచ్చు. ఆమె సాక్ష్యం ఆమెది, దాన్ని మీకు ఆజ్ఞగా మార్చుకోనక్కర్లేదు.

ఇక మీ అసలు భయం దగ్గరికి వద్దాం. ‘వాళ్లకు మన పద్ధతులు ఏవీ తెలియవు, ప్రశ్నలు విచిత్రంగా ఉంటాయి, నాకు జవాబు రాకపోతే?’ అని రాశారు. పేతురుకూ ఇలాంటిదే ఎదురైంది. యొప్పేలో మధ్యాహ్నం మిద్దె మీద ప్రార్థిస్తుంటే ఆకాశం నుంచి రకరకాల జంతువులున్న దుప్పటి లాంటిది దిగింది, లేచి చంపుకుని తినమని స్వరం వచ్చింది. ‘వద్దు ప్రభువా, అపవిత్రమైనది నేనెప్పుడూ తినలేదు’ అన్నాడు. ఆయనది మొండితనం అనుకోవడం అన్యాయం. ఏవి తినకూడదో చెప్పే లేవీయకాండం చదివి పెరిగిన మనిషి, చిన్నప్పటి నుంచి దేవుడికి లోబడటమంటే అదే అని నేర్చుకున్నవాడు. దేవుడు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. అప్పుడు కూడా విషయం పూర్తిగా అర్థం కాలేదు. కింద తలుపు దగ్గర, అన్యజనుడైన రోమా శతాధిపతి కొర్నేలీ పంపిన మనుషులు నిలబడి ఉన్నారు, వాళ్లతో వెళ్లమని ఆత్మ చెప్పాడు, వెళ్లాడు. దర్శనానికి అర్థం కొర్నేలీ ఇంట్లో, ఆ మనుషుల ముఖాలు చూశాకే తేటగా తెలిసింది. అన్నీ అర్థమయ్యాక కదులుదాం అనుకుంటే యొప్పేలోనే కూర్చుని ఉండేవాడు.

ఆ ప్రయాణంలో మీకు పనికొచ్చేవి ఇంకా ఉన్నాయి. పేతురు ఒంటరిగా వెళ్లలేదు, ఆరుగురు సహోదరులను వెంట తీసుకువెళ్లాడు. తిరిగి వచ్చాక యెరూషలేములోని వాళ్లు తప్పుపడితే కోపగించుకుని విడిపోలేదు, కూర్చోబెట్టి జరిగింది మొదటి నుంచి వరసగా చెప్పాడు. అంత జరిగిన తర్వాత కూడా అంతియొకయలో కొందరికి భయపడి అన్యజనులతో కలిసి తినడం మానేశాడని, పౌలు అతన్ని ముఖాముఖిగా ఎదిరించాల్సి వచ్చిందని గలతీ పత్రికలో ఉంది. వదిలేశామనుకున్నది తిరిగొస్తుంది. వస్తే ఆశ్చర్యపోకండి, పిలుపే అబద్ధమని తేల్చేయకండి. మళ్లీ వదలండి.

సంఘ చరిత్రలో జాన్ వెస్లీ సంగతి మీ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. ఆయన ఇంగ్లండ్ సంఘపు గురువు, ప్రతిదీ క్రమపద్ధతిలో జరగాలనే మనిషి. 1739లో బ్రిస్టల్‌లో జార్జ్ విట్‌ఫీల్డ్ ఆరుబయట మైదానాల్లో ప్రసంగించడం చూసి ఇబ్బంది పడ్డాడు. చర్చి గోడల మధ్య కాకుండా ఆత్మల రక్షణ జరిగితే అది దాదాపు పాపమే అనుకునేంతగా తాను పద్ధతిని పట్టుకుని ఉండేవాడినని తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ ఏడాది ఏప్రిల్ 2న తానే ఆరుబయట నిలబడి ప్రసంగించాడు. చర్చి గడప తొక్కని గని కార్మికులు, కూలీలు వాక్యం విన్నది అలాంటి చోట్లే. అయినా 1791లో చనిపోయేవరకు ఆయన ఇంగ్లండ్ సంఘపు గురువుగానే ఉన్నాడు. గోడల మధ్యే దేవుడు పనిచేస్తాడన్న అభిప్రాయాన్ని వదిలాడు, సంఘాన్ని కాదు.

మీరు ఏం చేస్తే బాగుంటుందో నాకు తోచినది చెబుతాను. ఆ కూడికకు ఒప్పుకోండి, కానీ మీ పాస్టర్ గారితో మాట్లాడి, ఆయన ప్రార్థనతో వెళ్లండి. వెంట ఇంకొకరిని తీసుకువెళ్లండి, వీలైతే మీకంటే వయసులో పెద్దవాళ్లను. క్వయర్ హఠాత్తుగా మానేయకండి. మీ వరుసలో పాడగల చిన్నవాళ్లు ఎవరున్నారో చూసి, వాళ్లకు నేర్పి, అప్పగించి రండి. ఏలీయా తన వెంట రమ్మన్న పిలుపుగా ఏలీషా మీద తన దుప్పటి వేసినప్పుడు ఏలీషా పన్నెండు అరకల ఎడ్లతో దున్నుతున్నాడు. అమ్మానాన్నలకు ముద్దుపెట్టి వస్తానని అడిగాడు, ఎడ్లను కోసి, నాగలి కర్రలతోనే వండి, తనవాళ్లకు భోజనం పెట్టి మరీ బయలుదేరాడు. తిరిగి దున్నడానికి నాగలి మిగల్లేదు, అయినా ఎవరి మనసూ నొప్పించలేదు. తర్వాత ఆయన గురించి చెప్పుకున్నది ఏమిటో తెలుసా? ఏలీయా చేతుల మీద నీళ్లు పోసినవాడని. మీకూ మొదట అలాంటి పనే దొరుకుతుంది. చాపలు పరచడం, పిల్లలను ఆడించడం, కొత్తగా చదవడం నేర్చుకుంటున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చుని వచనం మీద వేలు పెట్టి చూపించడం. క్వయర్‌లో మీకు ఉన్న పేరు అక్కడ ఎవరికీ తెలియదు. మొదట్లో అది గుచ్చుకుంటుంది.

ఇంకొకటి కచ్చితంగా జరుగుతుంది: పాతది విపరీతంగా గుర్తొస్తుంది. అరణ్యంలో జనం ఐగుప్తు చేపలను, కీరకాయలను, దోసకాయలను, ఉల్లిపాయలను తలచుకుని ఏడ్చారు, పైగా అవి ఉచితంగా తిన్నామన్నారు. ఇటుకలు, కొరడాలు, నైలు నదిలో పడేసిన పిల్లలు ఆ జాబితాలో లేరు. మీరు వదిలేది ఐగుప్తు కాదు, మంచి సంఘంలోని మంచి పని, అందుకని ఆ బెంగ ఇంకా ఎక్కువ ఉండొచ్చు. పండుగ ఆరాధనలో మీ పాత చోట ఇంకొకరు నిలబడి పాడుతుంటే కళ్లలో నీళ్లు వస్తాయి. రానివ్వండి. ఆ బాధను ‘నేను తప్పు చేశాను’ అన్నదానికి రుజువుగా మాత్రం తీసుకోకండి. ఆరు నెలల వరకు దేన్నీ తేల్చకుండా ఉండగలిగితే మంచిది.

ఒక హెచ్చరిక. ‘తెలిసినదాన్ని వదులు’ అన్న మాటను మనుషులను లొంగదీసుకోవడానికి వాడేవాళ్లున్నారు. ఇంటివాళ్లతో మాట్లాడొద్దు, మీ పాత సంఘంలో ఎవరినీ కలవొద్దు, డబ్బు తెచ్చి ఇక్కడే ఇవ్వు, నా మాటే దేవుడి మాట అని ఎవరైనా అంటే, వాళ్లు ఎన్ని వచనాలు చెప్పినా అక్కడి నుంచి వచ్చేయండి. ప్రభువు ఒకదాన్ని వదలమన్నప్పుడు మన కళ్లు తెరిచే ఉంచుతాడు, ప్రశ్న అడిగే స్వేచ్ఛ తీసేయడు. అలాగే ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా తాము ఉన్నచోట హింసను, లైంగిక వేధింపును భరిస్తూ ఉంటే, మీకు పైన చెప్పిన నిదానం వర్తించదు. ఏ సూచన కోసమూ ఎదురుచూడకుండా ముందు క్షేమంగా బయటపడండి, నమ్మకమైనవాళ్లకు చెప్పండి, అవసరమైతే పోలీసులకు చెప్పండి.

పొరపాటైతే వెనక్కి రావచ్చా అన్నారు. రావచ్చు. అపొస్తలుల కార్యములు 16లో పౌలు బృందం ఆసియ అనే రోమా రాష్ట్రంలో వాక్యం చెప్పాలనుకుంది, ఆత్మ ఆపాడు. బితూనియకు వెళ్లబోయారు, మళ్లీ ఆపాడు. త్రోయకు వచ్చి ఆగాక రాత్రి మాసిదోనియ మనిషి దర్శనం వచ్చింది. ఆ రెండు ప్రయత్నాలకూ దేవుడు పౌలును ఒక్క మాట కూడా అనలేదు. కదులుతున్నవాళ్లను దారి మళ్లించడం ఆయనకు తెలుసు. మీరు ఆరు నెలలు ఆ కుటుంబాలకు సేవ చేసి, ఇది నాది కాదని వినయంగా తెలుసుకుని తిరిగి వచ్చినా, ఆ ఆరు నెలల్లో వాళ్లు విన్న వాక్యం ఎక్కడికీ పోదు. మీ పాస్టర్ గారు కూడా తలుపు వేసుకుని కూర్చునే మనిషిలా మీ మాటల్లో కనబడలేదు.

అమ్మగారి గురించి. ఆమె ‘ఉన్నచోట దేవుడు లేడా?’ అన్నది వాదన కోసం కాదనుకుంటున్నాను. ఆ క్వయర్‌లో మిమ్మల్ని మొదటిసారి నిలబెట్టింది తానేనని మీరే రాశారు. మీరు అది వదిలితే తాను ఇచ్చినదాన్ని వద్దన్నట్టు ఆమెకు అనిపిస్తుంది. అందుకని పాస్టర్ గారి దగ్గరికి వెళ్లేముందే ఆమె దగ్గర కూర్చోండి. వచనాలతో గెలవాలని చూడకండి. ఆ కుటుంబాల గురించి చెప్పండి, వాళ్లు ఏం అడుగుతున్నారో చెప్పండి, మీకు ఎంత భయంగా ఉందో కూడా దాచకుండా చెప్పండి. వీలైతే మొదటి వారం ఆమెనే వెంట రమ్మనండి. పైన వయసులో పెద్దవాళ్లు ఎవరైనా తోడుంటే మంచిదన్నాను కదా, నాకు మొదట తోచింది మీ అమ్మగారే. రానంటే బలవంతం చేయకండి, కూడిక నుంచి వచ్చిన ప్రతిసారీ అక్కడ ఏం జరిగిందో ఆమెకు చెబుతూ ఉండండి. ఆ కుటుంబాల పేర్లు ఆమె ప్రార్థనల్లోకి రావడానికి ఎక్కువ కాలం పట్టదు.